కొత్తగా లైన్ డాన్స్ మొదలుపెట్టేవాళ్లకు: బెజవాడ, గుంటూరు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నేర్చుకోవాలని మనసులో ఉండి, మొదటి అడుగు దగ్గర ఆగిపోయినవాళ్ల కోసం ఈ పేజీ. పటమటలో మా అపార్ట్‌మెంట్ డాబా మీద సాయంత్రం సాధన చూడటానికి వచ్చినవాళ్లు, గుంటూరు నుంచి ఫోన్ చేసి కనుక్కున్నవాళ్లు అడిగినవే ఇందులో ఎక్కువ. అన్నీ చదివే తీరిక లేకపోతే, ఒంటి బరువు ఏ కాలి మీద ఉందో చూసుకోవడం గురించిన ప్రశ్న ఒక్కటైనా తప్పకుండా చదవండి. మిగతావన్నీ దాని మీదే నిలబడి ఉన్నాయి.

లైన్ డాన్స్ అంటే అసలు ఏమిటి?

అందరూ వరుసల్లో నిలబడి, ఒకే వైపు చూస్తూ, ఒకే స్టెప్పులు ఒకేసారి వేసే డాన్స్. జంట అక్కర్లేదు. ఎవరి చేతులూ పట్టుకోవక్కర్లేదు. స్టెప్పుల వరుస ఒకటి ముందే కూర్చి ఉంటుంది. అది 16 కౌంట్లు (కౌంట్ అంటే పాటలో ఒక తాళం దెబ్బ) కావచ్చు, 32 కావచ్చు, 48 లేదా 64 కూడా కావచ్చు. ఆ వరుస అయిపోగానే మళ్లీ మొదటి నుంచి వేస్తారు. చాలా డాన్సుల్లో రెండోసారి ఇంకో వైపు తిరిగి వేస్తారు. పాట అయ్యేదాకా ఇంతే.

కొత్తవాళ్లకు ఎక్కువగా 32 కౌంట్లవి నేర్పుతారు. మూడున్నర నిమిషాల పాటలో అదే వరుస పదీ పన్నెండు సార్లు తిరిగి వస్తుంది. మొదటి రెండుసార్లు తడబడినా, నాలుగోసారికి కాళ్లకు దారి తెలిసిపోతుంది. నాకు ఈ డాన్స్ మీద ఇంత ఇష్టం కలగడానికి కారణం అదే. ఒకసారి తప్పితే పోయింది అనే భయం ఉండదు, అదే చోటు అర నిమిషంలోపే మళ్లీ వస్తుంది.

మన కోలాటం లాంటిదేనా?

చాలావరకు. కోలాటం వేసిన చెయ్యి ఉన్నవాళ్లకు సగం పని అయిపోయినట్టే. కోలాటంలో గుండ్రంగా తిరుగుతాం, ఎదుటివాళ్ల కోలకు మన కోల తగలాలి, గురువుగారు చెప్పగానే కోపు మార్చాలి. లైన్ డాన్స్‌లో కోలలు ఉండవు, ఎదుటి మనిషితో పని ఉండదు. మధ్యలో ఎవరూ మార్పు చెప్పరు, వరుస మొత్తం ముందే తెలిసి ఉంటుంది. కానీ పాట వింటూ, పక్కవాళ్లతో పాటు, లెక్క తప్పకుండా అడుగు వేయడం రెండిట్లోనూ ఒకటే.

గుడి ఉత్సవాల్లో కోలాటం వేసే పిన్నిగార్లు మా దగ్గరికి వస్తే లెక్క విషయంలో వాళ్లకు ఏమీ చెప్పక్కర్లేదు. ఒక్క ఇబ్బందే కనిపిస్తుంది. వలయంలో తిరిగే అలవాటు వల్ల వరుస వంకరపోతుంది. నేల మీద టైల్స్ గీత చూసుకుంటూ వేస్తే నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది.

ఇది ఎక్కడ పుట్టింది? కౌబాయ్ టోపీ పెట్టుకోవాలా?

అమెరికాలో పుట్టింది. 1950ల చివర్లో ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్ నగరంలో మాడిసన్ అనే డాన్స్ మొదలైంది. జనం వరుసల్లో నిలబడితే, ఒకరు గట్టిగా పిలుస్తూ స్టెప్పులు మార్పించేవారు. 1970ల డిస్కో కాలంలో ఇలాంటివి ఇంకా వచ్చాయి. 1976లో రిక్ సిల్వర్ కూర్చిన ఎలక్ట్రిక్ స్లైడ్‌ను ఇప్పటికీ అక్కడి పెళ్లిళ్లలో వేస్తారు. 1990ల మొదట్లో కంట్రీ సంగీతం ఊపందుకున్నప్పుడు లైన్ డాన్స్ దేశదేశాలకూ పాకింది. టోపీలు, బూట్లు ఆ రోజుల గుర్తులు.

ఇప్పుడు పాప్, లాటిన్, వాల్ట్జ్, ఐరిష్, అన్ని రకాల సంగీతానికీ వేస్తున్నారు. కొరియా, మలేషియా, ఇండోనేషియా, తైవాన్‌లలో బాగా ఆదరణ ఉంది. టోపీ అక్కర్లేదు. బెజవాడ ఉక్కలో అసలే వద్దు.

నాకు డాన్స్ అసలు రాదు. పైగా యాభై దాటాయి. నా వల్ల అవుతుందా?

నడక వస్తే అవుతుంది. ఇది మాటవరసకు చెప్పడం లేదు. మొదటి స్థాయి డాన్సుల్లో ఉండేవి ముందుకు నడవడం, వెనక్కి నడవడం, పక్కకి జరగడం, కాలు ఆనించడం, పావు వంతు తిరగడం. నడుము ఊపక్కర్లేదు, ముఖంలో భావాలు పలికించక్కర్లేదు, చేతులు ఎలా ఉంటే అలా వదిలేయవచ్చు. మేం మొదట్లో చేతుల ఊసే ఎత్తం. చేతులు కలిపితే కాళ్లు ఆగిపోతాయి.

రాఘవయ్య పార్కులోనో, గుంటూరు ఎన్టీఆర్ స్టేడియంలోనో రోజూ పొద్దున్నే నడిచేవాళ్లయితే మీకు కావలసిన దమ్ము ఇప్పటికే ఉంది. లెక్క ఒక్కటే కొత్త.

లెక్క అంటే? పాటలో కౌంట్ ఎలా పట్టుకోవాలి?

పాట వింటూ మీ అరికాలు తనంతట తాను ఎక్కడ తడుతుందో అదే బీట్. దాన్ని ఒకటి నుంచి ఎనిమిది దాకా లెక్కపెట్టి మళ్లీ ఒకటికి రండి. సంగీతం నేర్చుకున్నవాళ్లకు ఆది తాళం గుర్తొస్తుంది. ఎనిమిది అక్షరాల ఆవర్తనం, అచ్చం అంతే. 32 కౌంట్ల డాన్స్ అంటే నాలుగు ఆవర్తనాలు. తొడ మీద తాళం వేస్తూ పెరిగినవాళ్లు "నాకు బీట్ తెలియదండీ" అని భయపడుతుంటే నాకు బాధగా ఉంటుంది. వాళ్లకు తెలిసినంత బాగా చాలామందికి తెలియదు.

మాస్టర్లు "ఫైవ్, సిక్స్, సెవెన్, ఎయిట్" అని పిలవగానే తర్వాత వచ్చే ఒకటి మీద మొదటి అడుగు పడాలి. చాలా పాటల్లో మొదట 16 లేదా 32 కౌంట్లు వదిలేసి, గొంతు మొదలైన చోట డాన్స్ మొదలవుతుంది.

ఒక్కోసారి "వన్ అండ్ టూ" అంటారు. రెండు కౌంట్లలో మూడు అడుగులు అన్నమాట. షఫుల్ అనే స్టెప్పు ఇలాగే ఉంటుంది. కూచిపూడి నేర్చుకునే పిల్లలకు నేను "తక ధీం" అని చెబుతాను. త, క గబగబా రెండు చిన్న అడుగులు, ధీం దగ్గర ఒక నిలకడైన అడుగు. వెంటనే పట్టేస్తారు. వాల్ట్జ్ పాటలకు మూడేసి కౌంట్లు, అక్కడ "తకిట" సరిపోతుంది, అక్షరానికి ఒక అడుగు.

అందరితో పాటే మొదలుపెడతాను, మధ్యలో నా కాలు ఒక్కటే తేడాగా వస్తుంది. ఎందుకు?

బరువు వల్ల. కొత్తవాళ్లు దీన్ని మతిమరుపు అనుకుంటారు. స్టెప్పు గుర్తుండక కాదు, బరువు ఏ కాలి మీద ఉందో గమనించక వచ్చే తేడా ఇది.

నిలబడి చూడండి. కుడికాలు పక్కకి వేసి, ఒంటి బరువంతా దాని మీదికి మార్చండి. ఇప్పుడు ఎడమకాలు తేలిగ్గా పైకి లేస్తుంది. దీన్ని స్టెప్ అంటారు. మళ్లీ మొదటికి రండి. ఈసారి కుడికాలి ముందు భాగం మాత్రం నేలకు ఆనించండి, మడమ లేచే ఉండాలి, బరువు ఎడమకాలి మీదే ఉండాలి. ఇది టచ్. చూసేవాళ్లకు రెండూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. తేడా అంతా తర్వాత ఏ కాలు ఖాళీగా ఉంది అనే దాంట్లో ఉంది. టచ్ చేయాల్సిన చోట పొరపాటున బరువు వేసేస్తే, తర్వాతి అడుగుకు కావలసిన కాలు కదలదు, రెండోది వేస్తారు, అక్కడి నుంచి అంతా తారుమారు.

ఇంట్లో దీనికి ఒక పరీక్ష పెట్టుకోండి. పాత పేపరు ముక్క ఒకటి నేల మీద పరిచి, దాని మీద కాలు టచ్ చేయండి. ఎవరినైనా ఆ కాగితం లాగమనండి. చిరగకుండా జారి వచ్చేస్తే అది టచ్. కాలి కింద ఇరుక్కుపోయి చిరిగిందంటే బరువు వేసేశారు. మా దగ్గర కొత్తగా వచ్చినవాళ్లతో పాట పెట్టకముందే ఇది చేయిస్తాం. నవ్వుకుంటూ చేస్తారు గానీ, ఆ రోజు నుంచి అడుగు మారిపోతుంది.

రెండో పరీక్ష: నాలుగు కౌంట్లు వేసి ఉన్నచోటే బిగుసుకుపోండి. ఏ కాలు ఎత్తగలరో పైకే చెప్పండి. "కుడి ఖాళీ", "ఎడమ ఖాళీ" అని. ఇది అలవాటైతే స్టెప్పు పేరు మరిచిపోయినా కాలు తప్పదు, ఎందుకంటే ఎప్పుడూ ఖాళీగా ఉన్న కాలే కదలగలదు.

ముందుగా ఏ స్టెప్పులు నేర్చుకోవాలి?

పేర్లు ఇంగ్లీషువే వాడతారు, ప్రపంచమంతా అవే కాబట్టి మీరూ అవే అలవాటు చేసుకోండి. అన్నిటికన్నా ముందు గ్రేప్‌వైన్. కుడికాలు పక్కకి, ఎడమకాలు దాని వెనకగా, మళ్లీ కుడికాలు పక్కకి, ఎడమకాలు టచ్. దీన్నే వైన్ అని కూడా అంటారు. వెనకగా వేసే అడుగు దగ్గర పాదం మరీ దూరం పోనివ్వకండి, తూలుతారు.

తర్వాత రాక్ స్టెప్: ఒక కాలు ముందుకో వెనక్కో వేసి, బరువు దాని మీదికి పంపి, మళ్లీ రెండో కాలి మీదికి తెచ్చుకోవడం. రెండు కౌంట్లు. జాజ్ బాక్స్ నాలుగు కౌంట్లు: కుడికాలు ఎడమకాలి ముందు నుంచి అడ్డంగా, ఎడమకాలు వెనక్కి, కుడికాలు పక్కకి, ఎడమకాలు ముందుకి. నేల మీద చిన్న పెట్టె గీసినట్టు ఉంటుంది. షఫుల్ పైన చెప్పాను. కోస్టర్ స్టెప్ కూడా "వన్ అండ్ టూ" మీదే: వెనక్కి, పక్కన చేర్చి, ముందుకి. పివట్ అంటే ఒక కాలు ముందుకు వేసి, అక్కడే తిరిగి, బరువు రెండో కాలికి మార్చడం.

ఈ ఆరూ నిదానంగా వస్తే, బిగినర్ స్థాయి డాన్సుల్లో చాలావాటికి అవే సరిపోతాయి.

ఇప్పుడే ఇంట్లో వేసి చూడటానికి ఒక చిన్న డాన్స్ చెబుతారా?

మేం కొత్తవాళ్లకోసం కూర్చుకున్నది ఒకటి ఉంది. 16 కౌంట్లు. రెండు కాళ్లూ దగ్గరగా పెట్టి, బరువు ఎడమకాలి మీద ఉంచుకుని మొదలుపెట్టండి.

1 నుంచి 4: కుడివైపుకి వైన్. కుడి పక్కకి, ఎడమ వెనకగా, కుడి పక్కకి, ఎడమ టచ్.

5 నుంచి 8: ఎడమవైపుకి వైన్. ఎడమ పక్కకి, కుడి వెనకగా, ఎడమ పక్కకి, కుడి టచ్.

9 నుంచి 12: వెనక్కి నడక. కుడి, ఎడమ, కుడి, ఎడమ టచ్.

13 నుంచి 16: ముందుకు నడక. ఎడమ, కుడి, తర్వాత ఎడమకాలు వేస్తూనే ఎడమవైపుకి పావు వంతు తిరగండి, కుడి టచ్.

ఇప్పుడు మీరు ఇంకో గోడ వైపు చూస్తున్నారు, కుడికాలు ఖాళీగా ఉంది. మళ్లీ ఒకటి. నాలుగుసార్లు వేస్తే మొదటి గోడకు తిరిగి వస్తారు. ముందు పాట లేకుండా పైకి లెక్కపెడుతూ వేయండి. తర్వాత పాట పెట్టండి. టచ్‌లు ఎక్కడెక్కడ ఉన్నాయో గమనించారా? 4, 8, 12, 16. ప్రతి నాలుగో కౌంట్ దగ్గరా ఒకసారి బరువు సరిచూసుకోవచ్చు. కావాలనే అలా పెట్టాం.

ఒన్ వాల్, టూ వాల్, ఫోర్ వాల్ అంటారు. గోడలతో ఏం పని?

డాన్స్ వరుస ఒకసారి అయ్యేసరికి మీరు ఎటు చూస్తున్నారు అనేదాన్ని బట్టి ఆ పేర్లు. ఎప్పుడూ ముందుకే చూస్తే ఒన్ వాల్. ముందు, వెనక మారుతూ ఉంటే టూ వాల్. పైన చెప్పినట్టు ప్రతిసారీ పావు వంతు తిరిగితే ఫోర్ వాల్. స్టెప్పులు రాసిన కాగితాల్లో వీటిని గడియారం అంకెలతో చెబుతారు. మొదట చూసే వైపు 12 గంటలు, వెనక గోడ 6, కుడి గోడ 3, ఎడమ గోడ 9.

డాబా మీద గోడలే ఉండవు, కొత్తవాళ్లకు తిరగగానే అయోమయంగా ఉంటుంది. మేం ఒక్కో వైపుకి ఒక గుర్తు పెట్టుకున్నాం. ముందు వాటర్ ట్యాంక్, తర్వాత మెట్ల గది, తర్వాత బట్టలారేసే తీగలు, తర్వాత రోడ్డు. "తీగల వైపు!" అని ఒకరు కేక వేస్తే వరుస మొత్తం సర్దుకుంటుంది. మీ హాల్లో కూడా టీవీ, కిటికీ, దేవుడి గది, వీధి తలుపు అని పెట్టుకోండి.

వరుసలో కొత్తవాళ్లు ఎక్కడ నిలబడాలి?

మధ్యలో. సిగ్గు కొద్దీ అందరూ వెనక వరుసలోకి పోతారు. కానీ వెనక్కి తిరిగేసరికి ఆ వెనక వరుసే ముందు వరుస అవుతుంది, చూసి వేయడానికి ఎదురుగా ఎవరూ ఉండరు. నాలుగు వైపులా తెలిసినవాళ్లు ఉండేలా మధ్యలో నిలబడితే ఎటు తిరిగినా ఒక వీపు కనిపిస్తుంది. తెలిసినవాళ్లు మూలల్లో నిలబడి కొత్తవాళ్లను కాచుకోవాలి. మంచి బృందానికి ఇది మొదటి గుర్తు.

తప్పితే పక్కకి వెళ్లిపోకండి. ఉన్నచోటే కాలు తడుతూ ఉండి, వరుస మళ్లీ ఒకటికి వచ్చినప్పుడు కలవండి. చోటు ఇరుకుగా ఉంటే అడుగులు చిన్నవి వేయండి.

తెలుగు సినిమా పాటలకు వేయొచ్చా?

వేయొచ్చు, వేయాలి కూడా. తెలిసిన పాటకు కాళ్లు త్వరగా కదులుతాయి. అయితే పాట ఎంచుకునేటప్పుడు మూడు చూసుకోవాలి.

మొదటిది వేగం. గడియారం చూస్తూ పదిహేను సెకన్లలో ఎన్ని బీట్లు వచ్చాయో లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించండి. 100 నుంచి 115 మధ్య వస్తే కొత్తవాళ్లకు హాయిగా ఉంటుంది. 130 దాటితే వైన్ వేస్తూ కాలికి కాలు అడ్డం పడుతుంది.

రెండోది గతి. ఊరేగింపుల్లో డప్పు మోతతో వినిపించే తీన్‌మార్ పాటలు ఎక్కువగా తిస్ర గతిలో ఉంటాయి, అంటే ఒక్కో బీట్ మూడు ముక్కలుగా విడిపోతుంది. పెద్ద దెబ్బ మీద మాత్రమే అడుగు వేసే డాన్సులకు పర్వాలేదు. షఫుల్, కోస్టర్ లాంటివి ఉంటే "అండ్" పడే చోటు మారిపోతుంది, కొత్తవాళ్లు తట్టుకోలేరు.

మూడోది పాట అల్లిక. మన పాటల్లో పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే మ్యూజిక్ ఎప్పుడూ ఎనిమిదుల లెక్కలో ఉండదు. ఎక్కడో నాలుగు కౌంట్లు ఎక్కువ పడతాయి, లేదా చరణం హఠాత్తుగా మొదలవుతుంది. లైన్ డాన్స్‌లో దీనికి రెండు ఉపాయాలున్నాయి. ఎక్కువ వచ్చిన కౌంట్లకు ఒక చిన్న ముక్క అదనంగా వేస్తే అది ట్యాగ్. వరుస పూర్తికాకుండానే మధ్యలో ఆపి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడితే అది రీస్టార్ట్. మీరే పాటకు డాన్స్ కూర్చాలనుకుంటే ముందు కాగితం మీద పాటంతా ఎనిమిదులుగా గీసుకోండి. నాలుగే మిగిలిన గీత దగ్గర ట్యాగ్ పెట్టండి. ఆ గీతలు గీస్తుంటే, ఎన్నోసార్లు విన్న పాటలో కూడా ఇన్నాళ్లూ వినని తబలా ముక్క ఒకటి బయటపడుతుంది.

చీరలో వేయొచ్చా? కాళ్లకు ఏం వేసుకోవాలి?

చీరలో వేయొచ్చు. కుచ్చిళ్లు చీలమండ పైకి ఉండేలా కట్టుకుని, కొంగు నడుముకి దోపుకోండి. వైన్‌లో వెనకగా వేసే కాలికి అంచు చిక్కుకోవడమే ప్రమాదం. చుడీదార్ అయితే చున్నీ పక్కన పెట్టేయండి, లేదా నడుముకి ముడి వేయండి.

పాదాల విషయంలో కొంచెం శ్రద్ధ పెట్టండి. మేజోళ్లతో టైల్స్ మీద అస్సలు వేయకండి, జారిపడతారు. వట్టి కాళ్లతో ఇంట్లో వేయవచ్చు, అయితే చెమట పట్టాక విట్రిఫైడ్ టైల్స్ మీద జారుతుంది, పక్కన తుడుచుకునే గుడ్డ ఉంచుకోండి. పరుగు కోసం చేసిన షూలు నేలను గట్టిగా పట్టేస్తాయి. మనిషి తిరుగుతాడు, పాదం తిరగదు, ఆ మెలి మోకాలికి వెళుతుంది. అడుగు కాస్త నునుపుగా ఉండి, మడమ దగ్గర వదులు కాని కాన్వాస్ షూలు చాలు. మెట్టెలు ఉన్నవాళ్లు ముందు భాగం వెడల్పుగా ఉన్నవి చూసుకోండి. లేకపోతే ప్రతి టచ్‌కీ మెట్టె పక్క వేలిలోకి నొక్కుకుంటుంది. కొనేటప్పుడు కొట్లోనే నిలబడి ఒక టచ్, ఒక పావు తిరుగుడు వేసి చూడండి.

హవాయి చెప్పులు వద్దు.

మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. షుగర్, బీపీ కూడా. వేయొచ్చా?

ముందు మీ డాక్టర్‌ని అడగండి. గుండెకు సంబంధించిన చికిత్స జరిగినవాళ్లు, ఈమధ్య కింద పడినవాళ్లు, గర్భిణులు అడగకుండా మొదలుపెట్టవద్దు.

మోకాళ్లకు నడకకన్నా తిరుగుడే కష్టం. పివట్ వచ్చిన చోట పాదాన్ని నేలకు అదిమి మెలి తిప్పకుండా, అవే కౌంట్లలో చిన్న చిన్న అడుగులతో నడుస్తూ తిరగండి. వరుసలో ఎవరికీ ఇబ్బంది ఉండదు, చివరికి మీరూ అదే గోడ వైపు ఉంటారు. మోకాళ్లు ఎప్పుడూ కొద్దిగా సడలించి ఉంచండి. గెంతులు ఉన్నచోట గెంతకండి, అడుగు వేస్తే చాలు. అలా మార్చుకుని వేయడం తప్పు కానే కాదు.

షుగర్‌కి ఇన్సులినో మాత్రలో వాడేవాళ్లు ఏమీ తినకుండా రావద్దు. సంచిలో గ్లూకోజు బిస్కెట్లు ఉంచుకోండి. ఒళ్లు వణికినా, చల్లచెమటలు పట్టినా ఆగిపోయి వెంటనే ఏదైనా తీపి తీసుకోండి. బీపీ మందులతో కొందరికి తిరిగినప్పుడు కళ్లు తిరుగుతాయి. వాళ్లు ఒన్ వాల్ డాన్సులతో మొదలుపెట్టి, పక్కన ఒక కుర్చీ పెట్టుకోవాలి.

మంచి వైపు కూడా చెప్పాలి. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ చేయాలని, 65 దాటినవాళ్లు వారంలో మూడు రోజులైనా నిలకడను పెంచే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చడమే పనిగా ఉన్న ఈ డాన్స్ ఆ రెండిటికీ పనికొస్తుంది. 2003లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో 75 ఏళ్లు పైబడిన 469 మంది మీద చేసిన అధ్యయనం వచ్చింది. శారీరక వ్యాపకాల్లో డాన్స్ చేసేవాళ్లలో మాత్రమే మతిమరుపు జబ్బు తక్కువగా కనిపించింది. డాన్స్ వల్లే తగ్గిందని దాంతో తేల్చి చెప్పలేం, అది లైన్ డాన్స్ గురించి చేసినదీ కాదు. అయినా కాళ్లు, చెవులు, జ్ఞాపకం ఒకేసారి పనిచేసే వ్యాపకం మన అమ్మానాన్నలకు దొరకడం చిన్న విషయం కాదని నేను నమ్ముతాను.

మన ఎండల్లో ఎప్పుడు, ఎక్కడ వేయాలి?

మార్చి నుంచి జూన్ దాకా పొద్దున ఆరు, ఏడు మధ్య. లేదంటే సాయంత్రం ఆరున్నర తర్వాత. మేలో 45 డిగ్రీల దాకా పోయే ఊళ్లు మనవి. రోహిణి కార్తెలో సాయంత్రం ఏడింటికి కూడా డాబా సిమెంటు వేడిగానే ఉంటుంది. నాలుగు బక్కెట్ల నీళ్లు చల్లి, పూర్తిగా ఆరాక వేయండి. తడి నేల మీద మాత్రం ఎప్పుడూ వద్దు. ప్రతి రెండు పాటలకూ ఆగి నీళ్లు, ఉప్పు వేసిన మజ్జిగ తాగండి. కృష్ణ ఒడ్డున ఉన్న ఊరు కాబట్టి ఎండ తగ్గినా ఉక్కపోత తగ్గదు. చెమట ఆరదు, అలసట ఆలస్యంగా తెలుస్తుంది.

కార్తీకం, ధనుర్మాసం రోజుల్లో తెల్లవారుజామున డాబా మీద మంచు పడి ఉంటుంది. కూల్ పెయింట్ వేసిన డాబాలు అప్పుడు బాగా జారతాయి. ఎండ తగిలేదాకా ఆగండి.

వానాకాలంలో చాలామంది సెల్లార్‌లోకి మారతారు. బండ్ల కింద కారిన ఆయిల్ మరకలు చూసుకోండి. అన్నిటికన్నా మంచిది కమ్యూనిటీ హాలు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లను అడిగితే వారానికి రెండు సాయంత్రాలు ఇవ్వడానికి సాధారణంగా అభ్యంతరం ఉండదు, పాట శబ్దం గురించే గొడవ వస్తుంది. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్ పెట్టకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. పిల్లల పరీక్షల రోజుల్లో అంతకన్నా ముందే ఆపేయండి. పదిమందికి ఒక చిన్న బ్లూటూత్ స్పీకర్ చాలు.

వీడియోలు చూసి సొంతంగా నేర్చుకోవచ్చా?

నేర్చుకోవచ్చు. "యాబ్సొల్యూట్ బిగినర్" అని ఉన్నవే వెతకండి. బిగినర్ దాని పై మెట్టు, ఆ తర్వాత ఇంప్రూవర్, ఇంటర్మీడియట్. వేసేవాళ్ల వీపు కనిపించే వీడియో ఎంచుకోండి. ముఖం మనవైపు ఉంటే కుడి ఎడమలు తారుమారవుతాయి. వేగం 0.75కి తగ్గించి చూడండి. ఎనిమిది కౌంట్లు ఆపి, వేసి, మళ్లీ ముందుకు వెళ్లండి.

కాపర్‌నాబ్ అనే వెబ్‌సైటులో వేల డాన్సుల స్టెప్ షీట్లు ఉచితంగా దొరుకుతాయి. పైన కౌంట్లు, గోడలు, స్థాయి, పాట, కూర్చినవారి పేరు ఉంటాయి. కింద ఎనిమిదేసి కౌంట్లుగా స్టెప్పులు ఉంటాయి. మీరు ఆ డాన్స్ వేసి వీడియో పెడితే కూర్చినవారి పేరు తప్పకుండా రాయండి. అది ఒకరు రోజులకొద్దీ కూర్చుని చేసిన పని.

మగవాళ్లు వస్తారా?

వస్తారు, తక్కువగా. చాలామంది భార్యను దింపడానికి వచ్చి గోడ పక్కన నిలబడి కాలు తడుతూ ఉంటారు. వాళ్లను వరుస మధ్యలో నిలబెట్టి, ముందుకూ వెనక్కూ నడిచే డాన్స్ ఒకటి వేయిస్తే తర్వాతి వారం షూలు వేసుకుని వస్తారు. బాబాయిగారూ, మీరూ రండి.

ఎన్నాళ్లకు వస్తుంది?

వారానికి రెండుసార్లు వేసి, ఇంట్లో వంట అయ్యేలోపు నాలుగు వైన్లు వేసుకునేవాళ్లకు నెలలో రెండు మూడు డాన్సులు నిలకడగా వస్తాయి. వారానికి ఒక్కరోజే అయితే ఇంకాస్త పడుతుంది. కొత్త డాన్స్ మొదలుపెట్టిన ప్రతిసారీ పాతది ఒకటి ముందుగా వేయండి.

ఉగాదికి, లేదా ఇంట్లో సంగీత్‌కి మా వాళ్లందరితో వేయించాలనుకుంటున్నాం. ఏమేం చూసుకోవాలి?

స్టేజి మీద అయితే ఫోర్ వాల్ వద్దు. చూసేవాళ్లు ఒకవైపే ఉంటారు, పాటలో ముప్పావు వంతు వాళ్లకు మీ ముఖాలు సరిగా కనిపించవు. ఒన్ వాల్ కానీ టూ వాల్ కానీ ఎంచుకోండి. నేల మీద అందరూ కలిసే వేడుకలో మాత్రం ఫోర్ వాల్ చాలా బాగుంటుంది, ఎందుకంటే ప్రతి వైపు కూర్చున్నవాళ్లకూ ఒక వంతు వస్తుంది.

పిల్లలు, అత్తగార్లు, హైదరాబాద్ నుంచి ముందురోజు దిగే బంధువులు అందరూ కలవాలంటే 16 కౌంట్లు దాటకండి. పైన ఇచ్చిన డాన్సులోనే చివర్లో పావు వంతు తిరక్కుండా నేరుగా నడిస్తే ఒన్ వాల్ అయిపోతుంది. మనిషికీ మనిషికీ మధ్య రెండు చేతులూ చాపినంత దూరం ఉంచి, స్టేజికి ఎంతమంది సరిపోతారో ముందురోజే నిలబడి చూసుకోండి. డీజే వైర్లు వెనక వరుస కాళ్ల కింద లేకుండా టేపు వేయించండి, ఎందుకంటే 9 నుంచి 12 దాకా అందరూ వెనక్కే నడుస్తారు. పాట ఎక్కడ మొదలుపెట్టాలో డీజేకి చెప్పి, "ఫైవ్, సిక్స్, సెవెన్, ఎయిట్" పిలిచే పని గట్టి గొంతు ఉన్న ఒకరికి అప్పగించండి.